పెట్టెల్లో చెమ్మ

జూన్ 26

పాపికొండల లాంచీ ఎక్కినవాళ్ళు లైఫ్ జాకెట్ చేతికి రాగానే ముందు దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటారు. ఈ వేసవంతా కింది డెక్కు మీద నిలబడి ఇదే చూశాను. వాసనేమీ లేకపోతే తల దూర్చి తాళ్ళు బిగించుకుంటారు. ముక్కిన వాసన తగిలితే మొహం పక్కకి తిప్పుకుంటారు, సిబ్బంది చూస్తున్నంతసేపు భుజాన వేలాడేసుకుంటారు, లాంచీ మలుపు తిరగ్గానే తీసి ఒళ్ళో పెట్టుకుంటారు. కొందరు దాన్ని మడిచి చంటిపిల్లల తలకింద పెట్టడం కూడా చూశాను. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఉక్కపోతలో ఎవరిదో చెమట, దాని మీద బూజు, ఆ రెండూ కలిసిన గుడ్డని మెడకి ఆనించుకుని గంటల తరబడి కూర్చోవడం ఎవరి వల్లా కాదు. మైకులో ఎంత హెచ్చరించినా తాళ్ళు విప్పేస్తూనే ఉంటారు.

అందుకే ఈ రోజు లాంచీ చూసుకునే మా తమ్ముడికి గట్టిగా చెప్పాను. వరద నెలల్లో లాంచీ ఎలాగూ కట్టేసి ఉంటుంది. రంగులు, లైట్లు, పాటల పెట్టె నీ ఇష్టం, బల్లల కింద అరలు మాత్రం నాకు వదిలెయ్యమన్నాను. "ఏటి మీద బతుకుతూ చెమ్మ లేకుండా ఎలాగే అక్కా" అన్నాడు. ఆ మాట మా నాన్నగారి నుంచీ వింటున్నదే. ఏటి మీద చెమ్మ ఉంటుంది, నిజమే. కానీ సామాను ముక్కిపోవడానికి చెమ్మ ఒక్కటే చాలదు. అది వచ్చిన దారిన పోలేక లోపల నిలిచిపోవాలి.

సరంగు, ఇద్దరు కుర్రాళ్ళు కలిసి అన్ని అరలూ ఖాళీ చేశారు. కింది డెక్కులో రెండు వైపులా బల్లల కింద ఉన్నవి జాకెట్ల పెట్టెలు. అణియంలో, అంటే ముందు కొసన, మోకులు, టార్పాలిన్లు, లంగరు గొలుసు. అమరం వైపు, అంటే వెనక కొసన, వంట సామాను. జాకెట్ల పెట్టెలు మూత పట్టనంతగా కుక్కి ఉన్నాయి. పై వరసలు ఫరవాలేదు. అడుగు వరసలో మెడ పట్టీల మీద నల్లటి చుక్కలు, కుట్ల వెంట ఆకుపచ్చటి పొడి. పెట్టె అడుగున శుభ్రంగా ఉంటుందని ఎప్పుడో పరిచిన రెగ్జిన్ షీటు ఎత్తి చూస్తే కింద నీళ్ళు. ఆ నీటికి ఎండ తగలదు, గాలి తగలదు. పైన ఎంత తుడిచినా వాసన ఎందుకు పోలేదో అక్కడే తెలిసింది. రెగ్జిన్ అంతా పీకించేశాను.

జూన్ 29

ఉతుకుడు మొదలైంది. మెత్తటి బ్రష్షు, కొద్దిగా సబ్బు, ఎక్కువ మంచినీళ్ళు. బ్లీచింగ్ వద్దన్నాను. బట్ట తెల్లబడుతుంది గానీ, ఆ తెలుపు కోసం పట్టీలని, కుట్టు దారాలని బలహీనం చేసుకోవడం తెలివైన పని కాదు. ప్రాణం నిలబెట్టేవి ఆ కుట్లే. బూజు ఎక్కువగా ఉన్న వాటికి వెనిగర్ కలిపిన నీళ్ళు రాసి, కాసేపు ఉంచి కడిగించాను. మచ్చ మిగిలినా మంచిదే, బూజు చచ్చిన తర్వాత కూడా మచ్చ ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు దులిపితే బూజు పొడి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి ముందు తడిపి, మొహానికి గుడ్డ కట్టుకుని రుద్దమని కుర్రాళ్ళకి మరీ మరీ చెప్పాను.

ఆరెయ్యడం నీడలోనే. ఎండలో తొందరగా ఆరుతాయని సరంగు అన్నాడు. నిజమే, కానీ రోజుల తరబడి ఎండకి పెడితే నైలాన్ పట్టీలు పెళుసెక్కుతాయి. వేపచెట్టు కింద దండేలు కట్టించాం.

మంచినీళ్ళతో ఎందుకు అంత కడగాలో వాళ్ళకి చెప్పాలనిపించి ఉప్పు తెప్పించాను. చెమటలో ఉప్పుంటుంది. జాకెట్ ఆరినా ఆ ఉప్పు బట్టలోనే ఉండిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతట అదే నీటిని లాక్కుంటుంది. వానాకాలంలో మన వంటింటి ఉప్పు జాడీ నీరు కారేది అందుకే. గోదావరి మీద వానాకాలం రాత్రి 75 దాటకుండా ఉండేది ఎప్పుడు? చెమట పట్టిన జాకెట్‌ని ఆరబెట్టి లోపల పెడితే, రాత్రికి అదే మళ్ళీ చెమర్చుకుంటుంది. ఎండలో పెట్టినా, గాలికి పెట్టినా ఉప్పు పోదు. నీళ్ళతో కడిగితేనే పోతుంది.

అదే ఉప్పుతో ఇంకో పని. తేమ కొలిచే చిన్న మీటరు కొన్నాను. అది నిజం చెబుతోందో లేదో తేలాలి కదా. గిన్నెలో ఉప్పు, దాని మీద ముద్దయ్యేంత మాత్రమే నీళ్ళు పోసి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి ఒక రాత్రి ఉంచాను. 75 చూపించాలి. 79 చూపించింది. మీటరు వెనక "నాలుగు తగ్గించు" అని కాగితం అంటించాను. పాతికేళ్ళు ల్యాబులో పిల్లలకి చెప్పింది ఇదే: పరికరాన్ని ముందు పరీక్షించి, తర్వాత దాని మాట వినాలి.

జూలై 4

పెట్టెల బాగు. వడ్రంగి మేస్త్రి, వెల్డింగ్ అబ్బాయి ఇద్దరూ వచ్చారు. తమ్ముడు కొత్త ప్లైవుడ్ కొట్టించి సన్మైకా అంటిద్దామన్నాడు. చూపులకి బాగుంటుంది. ఇనప గోడకి ప్లైవుడ్ ఆనుకుంటే ఆ రెంటి సందులో పట్టిన చెమ్మ జన్మలో బయటికి రాదు. నేను అడిగినవి బద్దలు. అడుగున అంగుళంన్నర ఎత్తు ఉండేలా టేకు బద్దలు, బద్దకీ బద్దకీ మధ్య వేలు పట్టేంత సందు. ఇనప గోడ వైపు కూడా నిలువు బద్దలు, జాకెట్లు రేకుని తాకకుండా. బద్దల చట్రం ఎత్తి బయట పెట్టుకునేలా ఉండాలి, మేకులు కొట్టకూడదు. ఎత్తలేని దాని కింద ఎవరూ తుడవరు.

మూతకి ఒక చిల్లు ఉంది కదమ్మా అన్నాడు మేస్త్రి. ఒక్క చిల్లుతో గాలి ఆడదు. వచ్చే గాలికి ఒక దారి, పోయే గాలికి వేరే దారి కావాలి, అవి రెండూ ఎదురెదురు మూలల్లో ఉండాలి. ఒకటి కింద, ఒకటి పైన. వేడెక్కిన గాలి పై దారిన పోతుంటే కింద నుంచి కొత్తది లోపలికి వస్తుంది. ప్రతి పెట్టెకీ అలా రెండేసి కొట్టించాను, ఎలకలు దూరకుండా ఇత్తడి జాలీతో.

అణియం అరకి మాత్రం ఈ ఉపాయం చాలదు. అక్కడ అల కొట్టినా, వాన జల్లు కొట్టినా చిల్లులోంచి నీళ్ళే వస్తాయి. దీనికి పడవల వాళ్ళు కనిపెట్టిన పాత పరిష్కారం ఒకటుంది. 1929లో అమెరికాలో ఓలిన్ స్టీఫెన్స్ గీసిన డొరేడ్ అనే తెరచాప పడవ పేరు మీద దాన్ని డొరేడ్ పెట్టె అంటారు. డెక్కు మీద చిన్న పెట్టె. గాలి గొట్టం ఒక కొసన పెట్టెలోకి దిగుతుంది. కింది అరలోకి పోయే గొట్టం రెండో కొసన, పెట్టె అడుగు నుంచి కాస్త పైకి లేచి ఉంటుంది. నీళ్ళు వస్తే పెట్టె అడుగున పడి పక్క చిల్లుల్లోంచి డెక్కు మీదికి కారిపోతాయి. గాలి మాత్రం అడ్డంగా వెళ్ళి రెండో గొట్టంలో దిగుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, కరెంటు అక్కర్లేదు. బొమ్మ గీసి చూపించగానే వెల్డింగ్ అబ్బాయి మొహం వెలిగిపోయింది. పనికొచ్చే ఆలోచన చూస్తే పనివాడికి కలిగే ఆ సంతోషం నాకెంతో ఇష్టం.

జూలై 20

పైన భద్రాచలంలో నీళ్ళు పెరుగుతున్నాయి. పోశమ్మ గండి దారి మునిగింది. లాంచీ దగ్గరికి పోయే వీలు లేదు. సరంగు, ఒక కుర్రాడు లాంచీ మీదే ఉన్నారు, మోకులు సడలిస్తూ బిగిస్తూ. 2022లో జూలై 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు కూడా ఇదే సరంగు ఇలాగే కాపలా ఉన్నాడు. ఆ మనిషి ఉన్నాడంటే నాకు ధైర్యం.

జాకెట్లు అన్నీ రాజమండ్రిలో మా ఇంటి వసారాలో వేలాడుతున్నాయి. ఎంత ఖాళీగా ఉంటే పెట్టెలు అంత తొందరగా ఆరతాయి. సామాను తీసి ఇంటికి తెచ్చుకోవడం మించిన మందు లేదు. మూతలు తీసి ఉంచమంటారా మూసి ఉంచమంటారా అని ఫోనులో సరంగు అడిగాడు. "పైన తాటాకు పందిరి వేశాం గానీ జల్లు కొడతందండి" అన్నాడు. మూసి, చిల్లులు మాత్రం తెరిచి ఉంచమన్నాను. ఇంకా వివరంగా చెప్పాలంటే నేనే కొలిచి చూడాలి.

ఆగస్టు 8

దారి తేలింది. థర్మామీటరు, తేమ మీటరు పట్టుకుని వెళ్ళాను.

మధ్యాహ్నం బయట గాలి 32 డిగ్రీలు, తేమ 75 శాతం. ఆ గాలిని చల్లబరుస్తూ పోతే 27 డిగ్రీల దగ్గర నీటి చుక్కలు కట్టడం మొదలవుతుంది. అదే డ్యూ పాయింట్. వరద నీరు ఆనుకుని ఉన్న అడుగు రేకు 26 ఉంది. అంటే మూత తెరిచి 'గాలి ఆడనిద్దాం' అనుకుంటే ఆ గాలి తెచ్చిన నీళ్ళు అడుగు రేకు మీదే దిగుతాయి. చేత్తో తడిమి చూస్తే నిజంగానే రేకు చెమర్చి ఉంది. బయట ఎంత పొడిగా కనిపించినా సరే.

సాయంత్రం ఇంటికి వచ్చాక పాత విద్యార్థి ఒకడికి ఫోన్ చేశాను. సరుకు ఓడల్లో ఆఫీసరుగా చేస్తున్నాడు. కాకినాడ నుంచి ఆఫ్రికా దేశాలకి బియ్యం బస్తాలు తీసుకెళ్ళిన వాడు. ఈ ప్రశ్న వాళ్ళకి రోజూ ఉండేదే. కాకినాడలో లోతు చాలక ఓడ దూరంగా లంగరేసి ఉంటే బార్జీల మీద బస్తాలు వెళతాయి. బస్తాలు ఓడ గోడకి తగలకుండా వెదురు బద్దలు, చాపలు పరుస్తారు. నేను టేకుతో చేయించింది కూడా అదే పని. దారిలో గాలి ఎప్పుడు ఆడించాలి, ఎప్పుడు కట్టెయ్యాలి అన్నదానికి వాళ్ళ లెక్క: బయటి గాలి డ్యూ పాయింట్ లోపలి గాలి దాని కన్నా తక్కువ ఉంటేనే తెరవాలి, ఎక్కువ ఉంటే మూసెయ్యాలి. మీటర్ల మీద నమ్మకం లేకపోతే ఇంకో సులువైన సూత్రం ఉంది. సరుకు ఎక్కించినప్పుడు దాని వేడి రాసుకోవాలి. బయటి గాలి దానికన్నా కనీసం 3 డిగ్రీలు చల్లగా ఉంటేనే గాలి ఆడించాలి. చల్లటి సముద్రం నుంచి వేడి సముద్రంలోకి వెళుతున్న ఓడలో మూతలు తెరిస్తే బస్తాల మీదే చెమట పడుతుంది. వేడి నుంచి చలిలోకి వెళుతుంటే ఓడ కప్పు చెమర్చి, ఆ నీళ్ళు బస్తాల మీద కారతాయి. మొదటి దానికి మూయాలి, రెండో దానికి తెరవాలి.

గాలి ఆడితే మంచిదని మనమంతా గుడ్డిగా అనుకుంటాం. ఏ గాలి అన్నది అడగం. మన ఇళ్ళలో కూడా వాన వెలిసిన వెంటనే బీరువా తలుపులు బార్లా తీసి పెడతారు.

సరంగు కోసం దీన్ని మూడు మాటల్లోకి దించాలి. డ్యూ పాయింట్ లెక్కలు అతనికి అక్కర్లేదు, చెయ్యి చాలు. ఎండ బాగా కాసి, మధ్యాహ్నానికి డెక్కూ పెట్టె మూతా కాలి, అడుగు రేకుని తడిమితే పొడిగా ఉంటే మూత తియ్యి: లోపలి చెమ్మ అప్పటికి వేడికి గాలిలోకి లేచి ఉంటుంది, బయటికి పోతుంది. రేకు తడిగా ఉంటే గుడ్డతో తుడిచి మూసెయ్యి. పొద్దుగూకక ముందే అన్నీ మూసెయ్యి.

ఆగస్టు 22

చెమ్మ పీల్చే పదార్థాల గురించి తమ్ముడు రోజుకొకటి చెబుతున్నాడు. ఎవరో డబ్బాలు అమ్ముతున్నారట, పెట్టెలో పెడితే చాలట.

లెక్క వేసి చూపించాను. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి పూర్తిగా తడిసి ఉన్నా అందులో ఉండే నీరు 30 గ్రాములు. మన పెట్టె అంతకన్నా పెద్దదేం కాదు. అదే సరిగ్గా ఆరని ఒక్క జాకెట్‌ని ఇంటి కాటా మీద తూస్తే పొడిదాని కన్నా మూడు వందల గ్రాములు ఎక్కువ తూగింది. ఒక్కటి! అలాంటివి పది పెట్టెలో పెట్టి పక్కన డబ్బా పెడితే, ఆ డబ్బా ఎన్ని నీళ్ళని పీల్చాలి? అవి ఆరిన సామాను ఆరినట్టే ఉండడానికి పనికొస్తాయి. తడిసిన సామానుని ఆరబెట్టడానికి కాదు.

ఆ డబ్బాల్లో ఉండేది కాల్షియం క్లోరైడ్. తన బరువుని మించి నీరు లాగుతుంది, అది నిజం. లాగి తానే ఉప్పునీరుగా కరిగిపోతుంది. లాంచీ ఊగి ఆ నీళ్ళు ఇనప రేకు మీద ఒలికితే తుప్పు రేగుతుంది. అణియం అరలో లంగరు గొలుసు దగ్గర దాన్ని పెట్టనివ్వను. కాగితాలు, మందుల పెట్టె, టార్చిలైట్లు ఉండే చిన్న అరకి సిలికా జెల్ పెట్టాను. నారింజ రంగుది. అది రంగు మారగానే మందపాటి మూకుట్లో సన్నసెగ మీద వేయిస్తే మళ్ళీ పనికొస్తుంది. నీలంగా ఉండి గులాబీ రంగులోకి తిరిగే రకంలో కోబాల్ట్ ఉంటుంది, తిండి సామాను ఉండే పడవలో అది వద్దు.

కాల్చిన సున్నం పెడదామని వంటాయన అన్నాడు. అది నీటిని తీసుకునేటప్పుడు భగభగమంటుంది. డీజిలు, తాళ్ళు, నురుగు జాకెట్లు ఉన్నచోట ఆ మాటే వద్దు. బొగ్గు మాత్రం తెప్పించాను. బొగ్గు చెమ్మని ఆపదు, వాసనని పట్టుకుంటుంది. గోనెగుడ్డలో మూటలు కట్టి వంట అరలో వేలాడదీశాం. కలరా ఉండలు పురుగులకే, బూజుకి కాదు. పైగా వాటి వాసన జాకెట్‌కి పడితే ఒక కంపు పోయి ఇంకోటి వస్తుంది. సాంబ్రాణి అయితే పూజకే ఉంచమన్నాను.

సెప్టెంబర్ 15

2019లో ఈ తేదీ ఆదివారం. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. దాదాపు యాభై మంది పోయారు. బోటుని బయటికి తియ్యడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. కాకినాడ ధర్మాడి సత్యం బృందం తీసింది. ఆ నెలరోజులూ గట్టు మీద కూర్చుని ఎదురుచూసిన కుటుంబాల గురించి ఆలోచించకుండా ఈ తేదీ నాకు గడవదు. ఆ తర్వాత కదా నేను ఉద్యోగం అయిపోగానే లాంచీ మీదికి వస్తానని తమ్ముడితో అన్నాను.

నిన్న ఇంట్లో సిమెంటు తొట్టి నింపి జాకెట్లకి పరీక్ష పెట్టాను. మంచినీళ్ళలో పెద్ద మనిషి తల పైకి నిలవడానికి అయిదారు కిలోల దాకా అదనపు తేలుడు కావాలి. కిరాణా కొట్టు నుంచి ఇనప తూకపు రాళ్ళు తెచ్చాను. ఇనుము నీళ్ళలో తన బరువులో ఎనిమిదో వంతు దాకా పోగొట్టుకుంటుంది, అంటే ఎనిమిది కిలోల రాయి ఏడు కిలోలే లాగుతుంది. ఆ రాయి కట్టిన జాకెట్ పైన నిలబడాలి. ఒక పగలు, ఒక రాత్రి నాననిచ్చి మళ్ళీ చూశాను. అంతర్జాతీయ ఓడల నిబంధనల్లో కూడా 24 గంటలు మంచినీళ్ళలో ముంచి ఉంచాక తేలే శక్తి 5 శాతానికి మించి తగ్గకూడదని ఉంది. చాలావరకు నిలబడ్డాయి. కొన్ని తెల్లవారేసరికి ములిగి ఉన్నాయి. అవన్నీ పెట్టె అడుగు వరసలోవే. ఏళ్ళ తరబడి మీది బరువుకి అణిగి లోపలి నురుగు పలచబడిపోయింది, కుట్లు చెమ్మకి పుచ్చాయి. కత్తెరతో మధ్యకి కోసేశాను, ఇంకెవరూ పొరపాటున కూడా పంచిపెట్టకుండా. తమ్ముడు ఒక్క మాట కూడా అనకుండా కొత్తవాటికి డబ్బు లెక్కపెట్టాడు.

ఒకప్పుడు ఈ జాకెట్లలో బూరుగు దూది కూరేవారు. మన్యంలో మనకి తెలిసిన బూరుగే, తెల్ల బూరుగు. ఆ దూది పీచులోపల గొట్టంలా బోలుగా ఉండి, పైన మైనం పూత ఉండడం వల్ల నీటిని దగ్గరికి రానివ్వదు. కానీ నూనె తగిలితే ఆ గుణం పోతుంది. ఇంజను నూనె మరకలు పడ్డ బూరుగు జాకెట్లు ప్రాణం మీదికి తెచ్చేవి. అందుకే దూదిని ప్లాస్టిక్ సంచుల్లో మూసి పెట్టడం మొదలెట్టారు. ఇప్పటి నురుగుకి ఆ జబ్బు లేదు. అయినా నూనె, చెమ్మ ఉన్నచోట జాకెట్ పెట్టకూడదన్న జాగ్రత్త మాత్రం మారలేదు.

అక్టోబర్ 13

వరద తీసింది. అడుగుభాగం అంతా ఒండ్రు. పైన అరలన్నీ బద్దలతో, చిల్లులతో చక్కగా ఉన్నా కింద నుంచి కోడిగుడ్డు కుళ్ళిన వాసన వస్తూనే ఉంది. లాంచీ అడుగున నిలిచిన నీళ్ళలో గాలి ఆడక సూక్ష్మజీవులు పుట్టించే వాసన అది. డెక్కు చెక్కల సందుల్లోంచి పెట్టెల్లోకి ఎక్కుతోంది. మురుగు కింద పెట్టుకుని పైన అరలు కడిగితే లాభం లేదు.

లాంచీని తోసే ఫ్యాను షాఫ్టు దగ్గర, నీళ్ళు లోపలికి రాకుండా బిగించే గ్లాండు ఎక్కువ కారుతోందని మెకానిక్ చూశాడు. అది నడిచేటప్పుడు కొన్ని చుక్కలు కారడం అవసరమే, లేకపోతే ప్యాకింగ్ కాలిపోతుంది. ఇది ధారలా ఉంది. కొత్త ప్యాకింగ్ వేశాడు. దాని కింద రేకు పళ్ళెం పెట్టించాను, ఆ చుక్కలు అడుగంతా పాకకుండా. ఒండ్రు అంతా బొచ్చెలతో ఎత్తి, సబ్బు నీళ్ళతో కడిగి, పంపుతో తోడి, గుడ్డలతో ఒత్తి, ఇంజను గది తలుపులు తీసి రెండు రోజులు చిన్న ఫ్యాన్లు పెట్టాం.

వంట గ్యాసు గురించి ఇక్కడ రాసుకోవాలి, ఎందుకంటే ఇందులో ప్రమాదం ఉంది. చెమ్మ రాకూడదని సిలిండరు అర చిల్లు కూడా కుర్రాడు గుడ్డ పెట్టి మూశాడు. వెంటనే తీయించాను. గ్యాసు గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, లీకైతే కిందికి దిగి అడుగున నిలుస్తుంది. ఆ అరకి అట్టడుగున నేరుగా బయట ఏటి వైపు తెరుచుకునే దారి ఎప్పుడూ ఉండాలి, చెమ్మ వచ్చినా సరే. ఇంకొకటి. గ్యాసుకి వాసన కలిపేది మనం పసిగట్టాలనే. లాంచీ అంతా ముక్కిన కంపు కొడుతుంటే ఆ వాసన ఎవరి ముక్కుకీ అందదు.

నవంబర్ 16

తిరుగుడు మొదలైంది. కార్తీకమాసం రద్దీ. జాకెట్లు రెండు జట్లుగా చేశాను, పట్టీలకి ఎర్ర దారం ఒక జట్టు, పచ్చ దారం ఒక జట్టు. ఈ రోజు వాడింది రేపు దండెం మీద ఉంటుంది. సాయంత్రం లాంచీ గట్టుకి రాగానే కుర్రాళ్ళు వాటిని పెట్టెలో వెయ్యరు, డెక్కు మీద కట్టిన తాళ్ళకి తగిలిస్తారు. పెట్టెలోకి పోయేది ఆరినదే.

డిసెంబర్ 22

పొద్దున్నే ఏటి మీద పొగమంచు. చలి గాలి కింద వెచ్చటి నీళ్ళు ఆవిరి కక్కుతున్నాయి. ఆగస్టులో చూసినదానికి ఇది తిరగేసిన లెక్క. అప్పుడు అడుగు రేకు చల్లగా ఉండి చెమర్చింది. ఇప్పుడు ఏరు రేకుని వెచ్చగా ఉంచుతోంది, ఆకాశం కింద రాత్రంతా చల్లబడిన పై కప్పు, పెట్టె మూతలు చెమరుస్తున్నాయి. మూత లోపలి వైపు ముత్యాల్లా నీటి చుక్కలు, సరిగ్గా జాకెట్ల నెత్తిన. ప్రతి మూత లోపలా నురుగు పలకలు అంటించాం. దాంతో చుక్కలు కట్టడం బాగా తగ్గింది. ఎండ డెక్కు మీద పడేవరకూ మూత ఎత్తొద్దని సరంగుకి చెప్పాను. "మంచు దిగినాక తీత్తాంలెండి" అన్నాడు. ఇప్పుడతను నాకన్నా ముందే రేకు తడిమి చూస్తున్నాడు.

జనవరి 19

సంక్రాంతి సెలవుల్లో వచ్చిన జనం. ఒక పెద్దావిడ జాకెట్ తీసుకుని, అలవాటు ప్రకారం ముక్కు దగ్గరికి తెచ్చుకుని, వేసుకుని, మనవరాలికి కూడా తాళ్ళు కట్టింది. పేరంటాలపల్లి దాకా ఇద్దరూ తియ్యలేదు. ఇలాంటి వాళ్ళు ఈ సీజనులో చాలామంది కనిపించారు. అందరూ అని రాయను. పైడెక్కు మీద ఫోటోలు దిగే కుర్రకారు ఇప్పటికీ విప్పేస్తున్నారు, దానికి వేరే మందు వెతకాలి.

పక్క లాంచీ సరంగు వచ్చి కొలతలు అడిగాడు. కాగితం మీద రాసిచ్చాను: అడుగు బద్దలు రేకుకి అంగుళంన్నర పైన, బద్దల సందు ముప్పావు అంగుళం, ఒక్కో పెట్టెకి రెండంగుళాల చిల్లులు రెండు, కింద ఒక మూల, పైన ఎదురు మూల. పెట్టెలో మూడో వంతు ఖాళీ ఉంచాలి. రెండో జట్టు జాకెట్లు కొనే స్తోమత మా ఓనరుకి లేదండి అన్నాడు. అలాగైతే సాయంత్రం మెడ పట్టీలనైనా మంచినీళ్ళ గుడ్డతో రెండుసార్లు తుడిచి ఆరెయ్యమన్నాను, ఉప్పు ఎక్కువగా ఉండేది అక్కడే. టేకు ఖరీదైతే వెదురు తడకలు చాలు. రేపు మా వెల్డింగ్ అబ్బాయిని వాళ్ళ లాంచీకి పంపిస్తున్నాను, అణియం పెట్టె కొలతలు తీసుకోవడానికి.